మచ్చదాని క్షేమ సమాచారం

పెట్టె మీద నాలుగు పక్కలా ఎర్ర అక్షరాలతో "లోపల ప్రాణాలున్నాయి, జాగ్రత్త" అని రాసి ఉంది. ఆ పెట్టె మీద ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్ళు మడత కుర్చీల కట్ట ఒకటి ఎక్కించారు. ఇదేంటయ్యా అని గుమాస్తాని అడిగితే, "మేం మోస్తామండీ, చదవం" అన్నాడు. ముందు రోజే మా చేతికి రావాల్సిన పెట్టె అది. ఫోన్ చేసి చెప్పాలని తోచలేదా అంటే, మీ నంబరు కుర్చీల కింద ఉండిపోయింది, కనబడలేదన్నాడు. అతనితో వాదిస్తూ నిలబడితే లోపలున్నవి అక్కడే ప్రాణం వదిలేలా ఉన్నాయని, నోరు మూసుకుని పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాం, నేనూ అక్కా.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు, తోటికోడలు. ఒకే ఇంట్లో కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. మెట్లు ఉమ్మడి, నీళ్ళ మోటారు ఉమ్మడి. ఆ మోటారు దగ్గరే మాకు చెడింది. ట్యాంకు పొంగి, డాబా మీద ఆవిడ ఎండబెట్టిన పరుపు తడిసి ముద్దయింది. కట్టేయాల్సింది నువ్వని ఆవిడ, వేసింది మీరే కదా అని నేను. ఒక మాటకి రెండు మాటలై, ఆ తర్వాత ఒక్క మాటా లేకుండా పోయింది. ఏడాది పైగా మెట్ల మీద ఎదురుపడితే ఒకరం గోడ చూసుకుంటూ, ఇంకొకరం కాళ్ళు చూసుకుంటూ దిగిపోయేవాళ్ళం. ఏదైనా చెప్పాలంటే మొగుళ్ళ చేత చెప్పించుకునేవాళ్ళం. వాళ్ళిద్దరూ సగం మరిచిపోయి, మిగతా సగం తప్పుగా చెప్పేవాళ్ళు.

అలాంటిది ఒకరోజు ఆవిడే మెట్లెక్కి వచ్చింది. డాబా మీద గది ఊరికే పడుంది కదా, కోళ్ళు పెంచుదామా, పిల్లల్ని నేను తెప్పిస్తాను, పని చెరిసగం అంది. పరుపు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. సరే అక్కా అన్నాను. మాట్లాడకుండా ఉండడానికి ఎంత ఓపిక ఖర్చయిందో, అది మానేశాకే తెలిసింది. ఈ కోడిపిల్లలు నిలిస్తే మా మాటలూ నిలుస్తాయనిపించింది. ఇవి పోతే మాత్రం, ఎవరి చేతిలో పోయాయన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మా మధ్యకి వచ్చిందంటే మళ్ళీ గోడలు చూసుకుంటూ మెట్లు దిగడమే.

గదిలో పెద్ద అట్టపెట్టె ముందే సిద్ధంగా ఉంది. అడుగున గోనెపట్టా పరిచాం. కాగితం పరిస్తే కాళ్ళు జారి అటొకటి ఇటొకటి అయిపోతాయట. పైన వైరుకి వేలాడే బల్బు, ఒక మూల నీళ్ళ పళ్ళెం, పళ్ళెంలో గులకరాళ్ళు. రాళ్ళు లేకపోతే కొత్తపిల్లలు మూతి నీళ్ళలో పెట్టి అలాగే తూగి మునిగిపోతాయి. పిల్లల్ని పంపినవాళ్ళు ఇవన్నీ ఫోన్లో చెప్పారు. కుర్చీల గురించే చెప్పలేదు.

మూత తీయగానే కొన్ని లేచి నిలబడి అరిచాయి. కొన్ని లేవలేదు. మూలన నలిగిపోయి ఉన్నవాటిని అక్క ముందుగా తీసి పక్కన పెట్టింది, నా మొహం చూడకుండా. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని, ముక్కు కొసని గోరువెచ్చని చక్కెర నీళ్ళలో ముంచాం. ముంచినప్పుడు మింగి, తలెత్తి, మళ్ళీ దానంతట అదే వంగితే ఆ పిల్లకి ఢోకా లేదు. కళ్ళు మూసుకుని మెడ వేలాడేస్తే దాన్ని వేరే పెట్టెలో పెట్టి చూసుకోవాలి. వేరే పెట్టె చూస్తుండగానే నిండింది.

ఆఖరున వచ్చింది మచ్చది. అన్నీ పసుపుపచ్చగా ఉంటే దీనికొక్కదానికే నడినెత్తిన నల్లటి మచ్చ ఉంది. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అక్క దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, నోటితో వెచ్చగా ఊది, ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్కన ఒక్క చుక్క పెట్టింది. చుక్క నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముక్కు పక్కన పెడితే అదే చప్పరిస్తుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు కదిలింది.

"తాగింది చూడు" అంది అక్క. ఆవిడ మొహం అలా విప్పారడం నేను చూసి చాలా కాలమైంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అక్క కూతురికి నొప్పులొచ్చాయట. డాక్టరమ్మ చెప్పిన తేదీ ఇంకా చాలా దూరం ఉంది. అవతల అల్లుడి గొంతు నాకు కూడా వినబడుతోంది, అతనికి కాళ్ళూ చేతులూ ఆడుతున్నట్టు లేదు. అక్క గబగబా లేచి, చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతిలో పెట్టింది.

"మిగతావి ఎలా ఉన్నా దీన్ని మాత్రం చూసుకో చెల్లీ" అని మెట్లు దిగింది.

చెల్లీ అన్న మాట ఆ ఇంట్లో విని ఏడాది దాటింది. నేను మెట్ల మీద నిలబడి, చూసుకుంటానక్కా అని గట్టిగా చెప్పాను.

మచ్చది ఆ సాయంత్రమే పోయింది.

నేనేం తక్కువ చేయలేదు. పాత చీర ముక్కలో చుట్టి బల్బు కింద పెట్టాను. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందని కాస్త కుదుటపడ్డ పిల్లనొకదాన్ని తోడు పెట్టాను. వెనక రెట్ట అంటుకుపోయి గట్టిపడితే దూది తడిపి మెల్లగా కరిగించాను. చుక్క చుక్క పట్టాను. ఒక చుక్క మింగింది, రెండోది ముక్కు పక్కనుంచి కారిపోయింది, మూడోది పెట్టేలోపు కాళ్ళు చాపేసింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్ని పిల్లలుండగా పోవడానికి ఇదే దొరికిందా అని, దాన్నే తిట్టాను. చచ్చిపోయినదాన్ని తిట్టిన మనిషిని ఎక్కడైనా చూశారా, నేనున్నాను. తిట్టాక దాన్ని డాబా మీద ఖాళీ పూలకుండీలో పాతిపెట్టి చేతులు కడుక్కుంటుంటే మళ్ళీ ఫోన్ మోగింది.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఫోన్లో చెడ్డ కబురు చెప్పకూడదు. అది మా అత్తగారు పెట్టిన కట్టడి. ఎప్పుడో ఎవరో ఫోన్లో ఏదో చెబితే మా మామగారు నిలుచున్నచోటే కూలబడ్డారట, అప్పటినుంచీ. కాలు విరిగితే "కాస్త బెణికింది" అంటారు. ఉద్యోగం పోతే "కొన్నాళ్ళు విశ్రాంతి" అంటారు. అత్తగారు పోయినప్పుడు కూడా "అమ్మకి కొంచెం నలతగా ఉంది, బయల్దేరి రండి" అని అందరికీ చెప్పారు, అందరూ ఏడుస్తూనే బయల్దేరారు. ఆవిడ పోయినా ఆచారం పోలేదు. ఈ ఇంట్లో బాగుంది అన్న మాటకి ఏ అర్థమూ లేదు. ఆ సంగతి తెలిసి కూడా వింటాం, అంటాం.

"ఎలా ఉన్నాయి?" అంది అక్క.

"బాగున్నాయక్కా."

"మచ్చది?"

చెయ్యి ఇంకా తడిగానే ఉంది. గోళ్ళలో మట్టి ఉంది.

"అదీ బాగుంది" అన్నాను. "అమ్మాయెలా ఉంది?"

"ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం."

చాలా సంతోషమక్కా అన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆయనకి శుభవార్త చెప్పాను, ఆయన నోరు తీపి చేసుకుందామని చక్కెర డబ్బా వెతికాడు. అది డాబా మీద కోడిపిల్లల దగ్గరుంది.

అక్కడితో ఆగుంటే పోయేది. ఆవిడ వచ్చాక మెల్లగా చెప్పుకునేదాన్ని. కానీ మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్. మధ్యాహ్నం ఫోన్. సాయంత్రం ఫోన్. మనవరాలు పుట్టిన మనిషి చేసే ఫోన్లేనా అవి. మచ్చది తాగుతోందా, ఎన్నిసార్లు తాగింది, దానంతట అది తాగుతోందా నువ్వు పడుతున్నావా, వెచ్చగా ఉంటోందా, కళ్ళు తెరిచి చూస్తోందా, బరువు పెరిగిందా.

"కోడిపిల్లకి బరువేంటక్కా, తూకం వేస్తామా?"

"అరచేతిలో పెట్టుకుంటే తెలుస్తుందిగా."

"పెరిగింది" అన్నాను. "కొంచెం."

"కొంచెమంటే?"

ఒక అబద్ధం చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. దాన్ని రోజూ మేపి పెంచడం కష్టం. కుండీలో ఉన్నదానికి నేను నీళ్ళు తాగించాను, నూకలు తినిపించాను, మొదటిసారి రెక్కలు విదిలింపజేశాను. నిన్న రెండుసార్లు తాగిందని చెప్పి ఇవాళ ఒకసారే అంటే ఆవిడ గాభరా పడేది, అందుకని దానికి దాహం కూడా పెంచాను. కుండీ పక్కనుంచి నడిచినప్పుడల్లా మొహం తిప్పుకునేదాన్ని.

బతికున్నవాటితో అసలు పని అలాగే ఉంది. బల్బు కిందికి దించితే గోడలకి అంటుకుని నోళ్ళు తెరిచి రొప్పుతాయి. పైకి కడితే అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగునున్నది ఊపిరాడక నలుగుతుంది. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టాలి, కరెంటు రాగానే తీయాలి. పొద్దున లేచేసరికి ఒకటి పోయి ఉండేది. నిన్న గెంతులేసినదే. ఇది బాగుంది కదా అని నేను ఊపిరి పీల్చుకున్నదే. ఆ కుర్చీలవాడు గుర్తొచ్చి పళ్ళు కొరుక్కునేదాన్ని. తలప్రాణం తోకకొచ్చి కూర్చుంటే అప్పుడు ఫోన్ మోగేది.

నాకు అర్థమైందేమిటంటే, ఆవిడకి నా మీద నమ్మకం లేదు. పరుపు తడిపినదాని చేతిలో ప్రాణాలు పెట్టి వచ్చానే అని ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది. పసిపిల్ల ఎవరి పోలిక, జుట్టుందా, రంగేంటి అని నేనడిగితే "బాగుందిలే" అని ఒక్క మాటతో తోసేస్తుంది. మచ్చదాని దగ్గరికొచ్చేసరికి మాత్రం లాయరులా ఒక్కోటీ గుచ్చి గుచ్చి అడుగుతుంది. నా అబద్ధం ఎక్కడ దొరుకుతుందా అనే అడుగుతోందనుకున్నాను.

"మీ వదినగారికి మనవరాలి కన్నా కోడిపిల్ల ఎక్కువైంది" అన్నాను మా ఆయనతో.

"చెప్పేయరాదూ పోయిందని" అన్నాడు.

"ఫోన్లోనా?"

ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ పెట్టిన ఆచారం కదా.

ఆ తర్వాతి ఫోన్లో అక్క ఫోటో అడిగింది. మచ్చదాన్ని ఒక్కసారి చూడాలనుంది, ఫోటో తీసి పంపించు చెల్లీ అంది. ఇప్పుడు కాదక్కా, నిద్రపోతోంది అన్నాను. నిద్రలేచాకే తీయి, తొందరేం లేదంది. ఇంక నేను కుండీ ముందు కూర్చోవడం ఒక్కటే తక్కువ.

మా ఆయన దుకాణాలకి బోర్డులు రాస్తాడు. ఏ పేరు ఎంత లావున రాయాలో, ఏ రంగు ఎండకి నిలుస్తుందో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మిగతా విషయాల్లో ఆయన్ని సలహా అడగకూడదు. నేను అడగలేదు కూడా. నేను కింద గిన్నెలు కడుగుతుంటే పైనుంచి పిలిచాడు. వెళ్ళి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న ఒక పిల్లని ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో సన్నకుంచె ఊపుతున్నాడు. దాని నడినెత్తిన నల్లటి మచ్చ.

"అంచులు చూడు" అన్నాడు. "ఊరికే గుండ్రంగా పెడితే రాసినట్టు తెలిసిపోతుందని, వెంట్రుకలు వెంట్రుకలుగా లాగాను."

పని చాలా బాగా చేశాడు. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది. ఇదేం పనని రెండు తిట్లు తిట్టాను. తిట్టి, ఫోటో తీశాను. ఏం చేయమంటారు, ఆవిడ అడుగుతోంది. పంపించాను. చిటికెలో ఫోన్.

"ఎంత లావైంది చెల్లీ" అంది. "ఎంత లావైంది. కళ్ళు చూడు ఎంత చురుగ్గా ఉన్నాయో."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడది అంత మామూలు సంతోషంలా లేదు. అది నాకు అప్పుడే అర్థం కావాల్సింది. అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున గది తలుపు తీస్తే రంగు మచ్చదాని చుట్టూ మిగతావన్నీ మూగి ఉన్నాయి. కోడిపిల్లలు కొత్తగా కనబడిన రంగుని పొడుస్తాయి. పుట్టుమచ్చనైతే ఏమీ అనలేదు, రంగుమచ్చని మాత్రం వదల్లేదు. మెరుస్తోంది కదా మరి, మెరిసేలా పూసింది ఆయనే. నెత్తి మీద నూగు ఊడిపోయి పచ్చి మాంసం కనబడుతోంది. దాన్ని విడదీసి, నూనెలో దూది ముంచి రంగు వదిలిస్తుంటే రంగుతో పాటు మిగిలిన నూగు కూడా వచ్చేసింది. అది అరుస్తోంది, నేను అరుస్తున్నాను, మా ఆయన మెట్ల దగ్గర నిలబడి, నీళ్ళ రంగు వాడాల్సింది అంటున్నాడు. కుంచెలన్నీ తీసుకుని కిందికి పొమ్మన్నాను. బతికున్నవాటిలో ఒకటి బంగారంలా పెరుగుతుంటే దాన్ని కూడా మా చేతులతోనే రోగిని చేశాం.

దానికి మందు రాసి వేరే పెట్టెలో పెట్టేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావగారు. ఆసుపత్రి నుంచి బట్టలకోసం వచ్చినట్టున్నారు. గడ్డం మాసిపోయి ఉంది, చొక్కా నలిగిపోయి ఉంది. కింద తలుపు తాళం కూడా తీయకుండా, చేతిసంచీ భుజానికి ఉండగానే నేరుగా పైకి వచ్చేశారు. ఆయన స్కూలు వ్యాను నడుపుతారు, పిల్లలు ఎంత గోల చేసినా విసుక్కోని మనిషి. నన్ను పలకరించకుండానే పెట్టెల్లోకి తొంగి చూశారు.

"మచ్చదేదమ్మా?"

నేను మాట్లాడేలోపే విడిగా ఉన్న పెట్టె ఆయన కంటబడింది. నెత్తిన గాయం, దాని మీద తెల్లటి మందు, మందు కింద ఇంకా వదలని నలుపు. ఆయన అక్కడున్న బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుండిపోయారు.

"ఏమైంది దీనికి?"

"మిగతావి పొడిచాయి బావగారూ. పైపైన గాయమే. తగ్గిపోతుంది."

"బతుకుతుందా?"

"బాగానే ఉందండీ."

"బాగానే ఉందనకు" అన్నారు. గట్టిగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నారు. "ఆ మాట నేను కూడా పొద్దున్నుంచి అందరికీ చెబుతున్నా. నిజం చెప్పు తల్లీ. ఇది పోతుందా?"

ఆ పెద్దమనిషి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడవడం మొదలుపెట్టారు. కోడిపిల్ల కోసం ఏడ్చే మనిషి కాదాయన. ఏం జరిగింది బావగారూ అని అడిగాను. అప్పుడు చెప్పారు.

పాప గాజుపెట్టెలో ఉందట. పుట్టినరోజు నుంచీ అందులోనే. చెయ్యి నా బొటనవేలంత లేదమ్మా అన్నారు. పాలు చప్పరించే ఓపిక లేక ముక్కులోంచి గొట్టం వేసి పడుతున్నారు. పైన దీపం పెట్టి వెచ్చగా ఉంచుతున్నారు. బరువు ఒకరోజు పెరుగుతోంది, ఒకరోజు తగ్గుతోంది. డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు, చూద్దాం అంటున్నారు. అక్క ఆ గది బయట బెంచీ మీదే కూర్చుంటోంది, లోపలికి రానివ్వరు.

"ఆవిడ ఒకటి పట్టుకుని కూర్చుంది" అన్నారు. "ఆ మచ్చది నా చేతిలో ఉండగానే ఫోనొచ్చింది, అది నా చేతిలోనే మొదటి చుక్క తాగింది, అది నిలిస్తే నా మనవరాలు నిలుస్తుంది అంటుంది. నేను వద్దన్నాను, ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదన్నాను. వినదు. నువ్వు తాగిందంటే లేచి మొహం కడుక్కుంటుంది. బరువు పెరిగిందంటే ఒక ముద్ద తింటుంది. నిన్న నువ్వు పంపిన ఫోటో నర్సులందరికీ చూపించింది."

నేను గోడకి ఆనుకున్నాను. తాగుతోందా, వెచ్చగా ఉంటోందా, దానంతట అదే తాగుతోందా. ఆవిడ నన్ను పరీక్ష పెడుతోందనుకున్నాను. ఆవిడ అడిగింది నన్ను కాదు. అసలు అడగాల్సినవాళ్ళు జవాబు చెప్పడం లేదు కనక నన్ను అడిగింది. నేను రోజూ మూడుపూటలా నోటికొచ్చింది చెప్పాను. కోపం నా మీద నాకా, మా అత్తగారి మీదా, తల్లీబిడ్డా క్షేమం అని నాకు చెప్పిన అక్క మీదా, ఎవరి మీదో తెలియలేదు. వచ్చింది మాత్రం గొంతుదాకా వచ్చింది.

"బావగారూ, మచ్చది లేదు" అన్నాను.

ఆయన పెట్టెకేసి చూశారు.

"ఇది అది కాదు. దీనికి మీ తమ్ముడు రంగు వేశారు. అసలుది వచ్చిన రోజు సాయంత్రమే పోయింది."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. లేచి నిలబడి నాకు చేతులు జోడించారు, వయసులో నాకన్నా అంత పెద్దాయన.

"మీ అక్కకి చెప్పకమ్మా. నీకు పుణ్యముంటుంది. పాప ఇంటికొచ్చేదాకా ఇలాగే నడిపించు. ఆవిడ దాని మీదే నిలబడి ఉంది."

మా ఆయన ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలోంచి అందుకున్నాడు. "ఈసారి నీళ్ళ రంగు వేస్తాను, వదినకి తెలియదు, ఏవీ పొడవవు."

నేను ఆయనకేసి ఒక చూపు చూశాను. ఆయన వెళ్ళిపోయాడు.

కానీ ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. నీళ్ళ రంగు. నిజంగానే నడిపించవచ్చు. ఇవాళ ఒకదానికి, అది పోతే రేపు ఇంకోదానికి. అక్కేమో అక్కడ బెంచీ మీద కూర్చుని, మూసిన తలుపు చూస్తూ, ఈ లోకంలో ఒక్క నిజమైన కబురు కోసం ఇంత దూరం ఫోన్ చేస్తుంటే, నేను రంగు పూసి పంపిస్తున్నాను. రేపు పాపకి ఏదైనా అయితే, మచ్చది బతికింది కదా మరి ఇదెందుకు పోయిందని అడుగుతుంది. ఏమీ కాకపోతే ఇంటికొచ్చి మెట్లెక్కి, ఏదీ నా మచ్చది అని అడుగుతుంది. అప్పుడు మాట్లాడడం మానేస్తే ఈ జన్మకి మళ్ళీ మాట్లాడదు. మాట్లాడకపోతే పోనీ. కానీ ఇంకో చుక్క ఆ చచ్చినదానికి తాగించడం నా వల్ల కాదు.

ఫోన్ మోగింది. ఎవరో చూడక్కర్లేదు. బావగారు నా చేతికేసి చూసి, వద్దన్నట్టు తల ఊపారు.

"ఆయన చేరారా చెల్లీ?" అంది అక్క. "మచ్చదాన్ని చూశారా? ఎలా ఉందన్నారు?"

"అక్కా, నేను ఒకటి చెబుతాను. ఫోన్ పెట్టేయకుండా మొత్తం విను."

ఫోన్లో అలా మొదలుపెట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చేయలేదు.

"మచ్చది పోయింది."

బావగారు గోడవైపు తిరిగిపోయారు. అవతల చిన్న శబ్దం వచ్చింది, మనిషిదో బెంచీదో తెలియలేదు. ఆగితే ఇంక చెప్పలేనని ఆగకుండా చెప్పాను.

"ఇవాళ కాదక్కా. నువ్వు వెళ్ళిన సాయంత్రమే పోయింది. నీ మనవరాలు పుట్టకముందే పోయి ఉంటుంది. నేను నీతో చెప్పినవన్నీ అబద్ధాలు. ఆ ఫోటోలోది వేరే పిల్ల, మీ మరిది రంగు వేశారు. తాగింది లేదు, బరువు పెరిగింది లేదు. కుండీలో ఉంది. నన్ను ఎన్ని తిడతావో తిట్టు, తర్వాత మాట్లాడడం మానేస్తే మానెయ్యి. కానీ ఒక్కటి ఆలోచించు. ఇన్ని రోజులూ ఆ పాపకి దాని అండ లేదు. అది లేకుండానే ఉంది. పుట్టినప్పటినుంచీ దానంతట అదే ఉంది."

అవతల ఆసుపత్రి వరండాలో ఏదో బండి చక్రాలు దొర్లుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం, అంతే. నేను హలో అనలేదు. పెట్టేసిందేమో అని చూశాను, పెట్టలేదు.

చాలాసేపటికి ఏడుపు వినబడింది. గొంతు బిగబట్టి ఏడ్చే ఏడుపు కాదు, పెద్దగా, అందరూ వినేలా. ఇన్ని రోజులూ బాగుంది బాగుంది అని చెప్పిన మనిషి ఏడుపు. నేను వింటూ నిలబడ్డాను. ఊరుకో అక్కా అనలేదు, అంతా బాగైపోతుంది అని కూడా అనలేదు. నాకు తెలియదు కదా.

ఏడుపు తగ్గాక ముక్కు చీదిన చప్పుడైంది.

"దానంతట అదే ఉంది" అంది అక్క మెల్లగా. నన్ను అడుగుతోందో, తనకి తాను చెప్పుకుంటోందో తెలియలేదు.

"అవునక్కా."

"నిన్న బరువు తగ్గింది చెల్లీ. నేను ఎవరికీ చెప్పలేదు. ఈయనక్కూడా చెప్పలేదు."

"ఎంత తగ్గింది?" అన్నాను.

ఎంత తగ్గిందో చెప్పింది. గొట్టంతో ఎన్ని పాలు పట్టారో, అందులో ఎంత కక్కేసిందో చెప్పింది. కాలి మడమ మీద సూది గుచ్చినచోటు నల్లగా కమిలిందని చెప్పింది. జుట్టు ఒత్తుగా ఉందట, ముక్కు మా అత్తగారిదట. ఒకసారి కళ్ళు తెరిచి దీపంకేసి చూసి మళ్ళీ మూసుకుందట. నేను గోనెపట్టా మీద కూలబడి, ఒక్కటీ వదలకుండా విన్నాను.